ఎన్ని గంటలకు పట్టుకొచ్చినారు?

(మదనపల్లెలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు "డి.ఏ. బకాయిల గురించేనా?" అని అడిగాను. "ఆ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు కోర్టులో పనిచేసినవాడివి గదా, పౌరహక్కుల కోసం వాదించిన వకీళ్ల గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్లు ఇతరులు చెప్పింది రాసి పెట్టినవాణ్ణి. పుంగనూరులో కాపీయిస్టుగా చేరి, కుప్పంలో బెంచి క్లర్కుగా కొన్నేళ్లుండి, మదనపల్లెలో రిటైరయ్యాను. మధ్యలో మళ్లీ మళ్లీ ఈ మూడు ఊళ్లకే తిప్పినారు. బదిలీ ఆర్డరు వచ్చినప్పుడల్లా మా ఆవిడ "ఈసారి ఏ ఊరు?" అని అడిగేది కాదు, "ఈసారి ఆ మూడిట్లో ఏది?" అని అడిగేది.

ముందు మన సంగతి చెప్పి తర్వాత ఊరి సంగతికి వస్తాను. ఈరోజు డిసెంబర్ 17. ఈ రోజే మనం ఎందుకు సభ పెట్టుకొంటామో పెద్దవాళ్లకు తెలుసు, పిల్లలకోసం చెబుతున్నాను. 1982 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం డి.ఎస్. నకారా కేసులో తీర్పు ఇచ్చింది. 1979లో కేంద్రప్రభుత్వం పెన్షన్ లెక్కను కొంత ఉదారంగా మార్చింది. అయితే ఆ ఏడు మార్చి 31న గానీ ఆ తర్వాత గానీ రిటైరైనవారికే ఆ లాభం అన్నారు. ఒక్కరోజు ముందు దిగిపోయినవాడికి లేదు. నకారాగారు అంతకు చాలా ముందు, 1972లో రిటైరైన పెద్ద అధికారి. ఆయనా, ఆయనతోపాటు కామన్ కాజ్ అనే సంస్థా కోర్టుకు వెళ్లాయి. పెన్షన్ అనేది యజమాని దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు వచ్చే హక్కు అనీ, తేదీ గీత గీసి ముసలివాళ్లను రెండు గుంపులుగా విడదీయడం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమనీ తీర్పు వచ్చింది.

ఇది ఎందుకు ఎత్తుకొన్నానంటే, పౌరహక్కులు అనగానే మనలో చాలామంది "అదేదో అన్నలకు, దొంగలకు సంబంధించిన విషయం, మనకెందుకు" అనుకొంటాం. నేనూ అనుకొన్నాను. కానీ నకారాగారికి దారి చూపించిన రాజ్యాంగం, లాకప్పులో ఉన్న కుర్రవాడికి దారి చూపించే రాజ్యాంగం ఒకటే పుస్తకం. 14వ పేజీ మనకు, 22వ పేజీ వాడికి. వకీలు ఏ పేజీ తీస్తాడనేదే తేడా.

ఆ 22వ అధికరణం ఏమంటుందో మా కోర్టు వాళ్లకు కంఠోపాఠం. ఎవరినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. ఇష్టమైన వకీలుతో మాట్లాడనివ్వాలి. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పట్టుకొన్నచోటినుంచి కోర్టుకు రావడానికి పట్టే ప్రయాణకాలం మాత్రం ఆ లెక్కలోకి రాదు. అప్పట్లో ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 57వ సెక్షను. 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 58వ సెక్షనైంది. నెంబరు మారింది, గడియారం మారలేదు.

మన రాష్ట్రంలో ఈ 24 గంటల మాటను పట్టుకొని జీవితాంతం వాదించిన వకీలు కె.జి. కన్నబిరాన్‌గారు. 1929లో మదురైలో పుట్టి హైదరాబాదులో స్థిరపడ్డారు. ఆయన ఆత్మకథకు పెట్టుకొన్న పేరే '24 గంటలు'. 1978 నుంచి చాలాకాలం ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి అధ్యక్షులుగా, 1995 నుంచి పి.యు.సి.ఎల్. జాతీయ అధ్యక్షులుగా పనిచేశారు. 2010 డిసెంబర్ 30న పోయారు. నేను ఆయన్ను చూడలేదు. ఆయన వాదించింది ఎక్కువగా హైదరాబాదులోని పెద్ద కోర్టుల్లో. పుంగనూరు మున్సిఫ్ కోర్టుకు అవన్నీ పేపర్లలో వచ్చే సంగతులు. భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరిని 1975 మేలో ఉరితీయబోతే కడపటి గంటల్లో హైకోర్టు నుంచి స్టే తెచ్చారు. ఆ స్టే కొన్ని నెలలే నిలిచింది. డిసెంబర్ 1న ముషీరాబాదు జైల్లో ఆ ఇద్దరినీ ఉరితీశారు. అప్పటికి ఎమర్జెన్సీ వచ్చేసింది. నేను ఉద్యోగంలో కొత్త. ఆ వార్త మా ఆఫీసులో ఎవరూ పైకి చదవలేదు. పేపరు ఒకరి చేతినుంచి ఒకరి చేతికి మడతపెట్టి వెళ్లింది.

ఎమర్జెన్సీలో మనిషిని పట్టుకొని ఎందుకు పట్టుకొన్నారో చెప్పకపోయినా అడిగే హక్కు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టే అన్నది. ఐదుగురిలో నలుగురు అట్లా అన్నారు. హెచ్.ఆర్. ఖన్నాగారు ఒక్కరే కాదన్నారు. ఆయనకు ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు. ఆ తీర్పు తప్పు అని అదే కోర్టు బాహాటంగా ఒప్పుకొని కొట్టివేసింది 2017లో. నలభై ఒక్క ఏళ్లు. మన ఏరియర్సు బిల్లులు అంతకంటే కొంచెం త్వరగానే వచ్చినాయి, సంతోషించాలి.

విచారణ లేకుండా నిర్బంధించడం మన ఊరికి కొత్తా కాదు. ఇక్కడ థియొసాఫికల్ కాలేజీలో చదువుకొన్నవాళ్లు ఈ సభలో సగంమంది ఉంటారు. 1915లో ఆ కాలేజీ వెలిసింది అనీబిసెంటమ్మ చలవతోనే. 1919లో రవీంద్రులు అక్కడ కూచొని జనగణమనను ఇంగ్లీషులోకి రాసిన సంగతి ప్రతి ఆగస్టు 15కూ చెప్పుకొంటాం. అంతకు రెండేళ్లు ముందు, 1917 జూన్‌లో, హోంరూలు అడిగినందుకు ఆ బిసెంటమ్మను మద్రాసు ప్రభుత్వం విచారణా తీర్పూ లేకుండా ఊటీలో నిర్బంధించింది. సెప్టెంబరులో వదిలింది. దేశమంతా గొడవ చేస్తే మూడు నెలల్లో వదిలినారు. పేరులేని మనిషికోసం ఎవరు గొడవ చేస్తారు? ఇప్పుడు అట్లాంటి మనిషికోసం గొడవ చేసిన ఒక ప్లీడరుగారి సంగతి చెబుతాను.

ఆయన పేరు చెప్పను. ఆయన వాళ్లు ఇక్కడే ఉన్నారు, ఆయనకూ పేరు వేయించుకోవడం ఇష్టం ఉండేది కాదు. ఈ మూడు ఊళ్లలో ఒక ఊరి కోర్టులో ప్రాక్టీసు. ఏ ఊరో కూడా చెప్పను, ఎందుకో తర్వాత మీకే అర్థమవుతుంది. సివిల్ కేసులమీద బతికేవారు. దావాలు, సరిహద్దు తగాదాలు, ప్రామిసరీ నోట్లు. వాటికి ఫీజు తీసుకొనేవారు. రిమాండు కేసులకు తీసుకొనేవారు కాదు. అందుచేత రెండోరకం కేసులు పెరిగి మొదటిరకం తగ్గినాయి. కాస్త భూమీ పరపతీ ఉన్న కక్షిదారులు "ఆయప్ప దొంగల ప్లీడరప్పా" అని వేరేవాళ్ల దగ్గరికి పోయినారు. ఆయన భార్య ఎయిడెడ్ స్కూల్లో టీచరు. ఇల్లు ఆ తల్లి జీతంమీద నడిచేదని ఊరికంతా తెలుసు.

సాయంకాలం ముద్దాయిని తీసుకొచ్చేసరికి ఈయన కోర్టు వరండాలో ఉండేవారు. కానిస్టేబులును మొదట అడిగేది ఒకటే మాట. "ఎన్ని గంటలకు పట్టుకొచ్చినారు?" వాళ్లు ఒకటి చెప్పేవాళ్లు. తర్వాత ముద్దాయిని అడిగేవారు. తర్వాత ముద్దాయి పెళ్లాన్నో తల్లినో అడిగేవారు. మూడు గంటలూ మూడు రకాలుగా ఉంటే నోటుబుక్కులో రాసుకొనేవారు. పోలీసులు ఆయనకు 'గంటల ప్లీడరు' అని పేరు పెట్టినారు. ఎదురుగా మాత్రం నమస్కారం పెట్టేవాళ్లు. ఎందుకంటే వాళ్లలో ఒక కానిస్టేబులును విచారణ లేకుండా ఉద్యోగంనుంచి తీసేస్తే, వాణ్ణి తిరిగి తీసుకొనేదాకా కాగితాలు రాసి పెట్టింది ఈయనే. "నువ్వు వాణ్ణి లాకప్పులో పెట్టేటప్పుడు రూలు అడిగినాను, నిన్ను ఇంటికి పంపేటప్పుడూ అదే రూలు అడుగుతున్నాను" అన్నారట వాడితో.

బావి మోటార్లు పోగొట్టుకొన్న ఒక రైతు కోర్టు గేటు దగ్గర ఈయన్ను నిలేసి అడగడం నేను విన్నాను. "నా మోటారు పాయె, పంట ఎండిపాయె. వాని తరపున నువ్వెందుకు సామీ?" ఈయన కోపగించుకోలేదు. "వాడు దొంగైతే శిక్ష వేయించు రెడ్డీ, నేను అడ్డం రాను. కొట్టమని ఏ సెక్షన్లో ఉందో చూపించు, నేను ఇంటికి పోతా" అన్నారు. రైతు సమాధానపడినట్టు నాకు కనబడలేదు. ఆ రైతు బాధ అబద్ధమని నేననను. మోటారు పోయినవాడికి మోటారు రావాలి. మనిషిని తిరగేసి కట్టినంతమాత్రాన మోటారు రాదు, ఏదో ఒక పేరు వస్తుంది. అది అసలు దొంగ పేరు కావచ్చు, కాకపోవచ్చు.

కుప్పం సంగతి కొంచెం చెప్పి మళ్లీ ఇక్కడికి వస్తాను. కుప్పం మూడు రాష్ట్రాల ముడి. సంతలో ఒక బేరం తెలుగులో మొదలై తమిళంలో తెగుతుంది, చిల్లర కన్నడంలో లెక్కపెడతారు. అక్కడ ముద్దాయికి "నీ మీద ఫలానా నేరం" అని తెలుగులో చదివితే తల ఊపేవాడు. తల ఊపినాడు గనుక అర్థమైంది అని మేం రాసుకొనేవాళ్లం. ఒకసారి ఒక వయసు ప్లీడరు లేచి, "అయ్యా, వీడికి తెలుగు రాదు, మీరు అరవంలో భోంచేసినావా అని అడగండి, అప్పుడెట్లా తల ఊపుతాడో చూడండి" అన్నాడు. మేజిస్ట్రేటుగారు నవ్వి, అరవం తెలిసిన మా అమీనాతో ప్రమాణం చేయించి తర్జుమా చేయించినారు. అప్పుడు గదా తెలిసింది, ఆ మనిషి తనను సాక్షిగా పిలిపించినారని అనుకొంటున్నాడు! పట్టుబడినవాడికి అర్థమయ్యే భాషలో, కాగితంమీద రాసి, రిమాండుకు కనీసం రెండు గంటల ముందైనా కారణాలు ఇవ్వాలని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పేపర్లో అది చదివినప్పుడు నాకు ఆ తల ఊపిన మనిషే కళ్లముందు మెదిలినాడు.

ఇక అసలు సంగతి. ఇది నేను ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

1980ల మధ్యకాలం. ఒక సోమవారం మధ్యాహ్నం భోజనానికి లేస్తున్నాను. చింతచెట్టు కింద ఒక ఆడమనిషి, చేతిలో టిఫిన్ క్యారియరు. శనక్కాయలు ఉడకేసి బస్టాండులో అమ్ముకొనే మనిషి. నాకు మొహం తెలుసు. "అయ్యా, నా కొడుకును కోర్టుకు తెచ్చినారా? నిన్న పొద్దు గూకినాక ఇంటికొచ్చి తీసకపోయినారు" అన్నది. రిజిస్టరు చూసి "లేదమ్మా" అన్నాను. మంగళవారం మళ్లీ వచ్చింది. బుధవారం మళ్లీ. అదే క్యారియరు. గురువారం సాయంకాలం అయిదున్నరకు కోర్టు కానిస్టేబులు రిమాండు రిపోర్టు నా బల్లమీద పెట్టినాడు. పందొమ్మిదేళ్ల కుర్రవాడు. రాగి తీగ దొంగతనం. అరెస్టు చేసినది "ఈరోజు ఉదయం ఆరు గంటలకు, బస్టాండు వద్ద అనుమానాస్పదంగా తిరుగుచుండగా."

నేను ఏం చేశాను? రోజూ చేసేదే చేశాను. డాకెట్టు షీటుమీద మేజిస్ట్రేటుగారి సంతకానికి సిద్ధంగా ఇంగ్లీషులో రాసి పెట్టాను. ముద్దాయి హాజరు, పోలీసులు కొట్టినట్టు ఫిర్యాదు ఏమీ లేదు, పదిహేను రోజులు రిమాండు. కుర్రవాడు అప్పటికి ఇంకా జీపే దిగలేదు. అది దుర్మార్గంతో చేసిన పని కాదు. నాకు ముందున్న క్లర్కు అట్లే రాసేవాడు, ఆయనకు ముందున్నాయనా అట్లే. సంతకం పెట్టేవారికి కాలం కలిసొస్తుందని.

ప్లీడరుగారు ఆరోజు నా బల్ల పక్కన నిలబడి ఉన్నారు. షీటు ఆయన కంటబడింది. కొత్తగా వచ్చిన చిన్నవయసు మేజిస్ట్రేటుగారు. ఈయన లేచి నెమ్మదిగా, "అయ్యా, ముద్దాయి నోరు తెరవకముందే ఆయన మాట రాసి ఉంది. దయచేసి తమరే అడగండి" అన్నారు. మేజిస్ట్రేటుగారు షీటు చూసి నావైపు చూసినారు. నేను తల దించుకొన్నాను. ఆయన ఆ వాక్యం కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, పోలీసులను బయటికి పొమ్మని, కుర్రవాణ్ణి అడిగినారు. వాడు ఏమీ మాట్లాడలేదు. కొంచెంసేపటికి కాలు ముందుకు పెట్టి పాదం తిప్పి చూపించినాడు. అరికాళ్లు వాచి నల్లగా ఉన్నాయి.

అప్పటి 54వ సెక్షను కింద ప్రభుత్వ డాక్టరుకు పంపినారు. గాయాలు రెండు మూడు రోజుల నాటివని సర్టిఫికెట్ వచ్చింది. ప్లీడరుగారు ఆ తల్లిచేత ప్రైవేటు ఫిర్యాదు వేయించినారు. అవతలివాళ్లు ఏమన్నారంటే, గురువారం పొద్దున పట్టుకొన్నాం, అంతకుముందే ఎక్కడో గోడ దూకి పడినాడు, మాకేం తెలుసు అని. ఇక తగాదా అంతా ఒక్క ప్రశ్నమీదికి వచ్చింది. వాణ్ణి ఆదివారం పట్టుకొన్నారా, గురువారం పట్టుకొన్నారా? ఆదివారం అని చెప్పేది తల్లి ఒక్కతే. తల్లి మాటకు విలువేముంది?

ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి ఆయన మా ఇంటికి వచ్చినారు. అంతకుముందెన్నడూ రాలేదు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. "మీరు సోమవారం, మంగళవారం, బుధవారం ఆమెను చింతచెట్టు కింద చూసినారు. నేనూ చూశాను, కానీ నేను వకీలును, సాక్షిని కాలేను. మీరు ఒక అఫిడవిట్ ఇస్తారా?" అన్నారు.

నేను ప్రవర్తనా నియమావళి గురించి చెప్పాను. పైవాళ్ల అనుమతి కావాలన్నాను. ఇద్దరు ఆడపిల్లలన్నాను. అన్నీ నిజాలే. ఆయన "సరే" అన్నారు. కాఫీ తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, చెప్పులు వేసుకొని వెళ్లిపోయినారు. మళ్లీ ఆ ప్రస్తావన జీవితంలో తేలేదు. ఒక్క మాట అనలేదు, ఒక్క చూపు చూడలేదు. అనుంటే బాగుండేదేమో.

ఫిర్యాదు సాక్ష్యం లేక కొట్టేసినారు. దొంగతనం కేసు కూడా రెండేళ్లకు సాక్ష్యం లేక కొట్టేసినారు. అప్పటికి వాడు బెంగుళూరులో కట్టడం పనుల్లో ఉన్నాడు. కాలు కొంచెం ఈడ్చేవాడని విన్నాను. ఆ తల్లి మాత్రం బస్టాండులో నన్ను చూసినప్పుడల్లా రెండు చేతులెత్తి దండం పెట్టేది. నేను రిజిస్టరు తీసి చూసి చెప్పినవాణ్ణని ఆమె గౌరవం. పొట్లంలో రెండు శనక్కాయలు ఎక్కువే వేసేది. నేను ఆ బస్టాండులోకి పోవడం మానేసి వెనక దారిలో పోయేవాణ్ణి.

ఆ తర్వాత ప్లీడరుగారు ఒక పద్ధతి పెట్టినారు. ఎవరిని తీసుకుపోయినా ఇంటివాళ్లచేత వెంటనే టెలిగ్రాం ఇప్పించేవారు. కలెక్టరుకు ఒకటి, హైకోర్టుకు ఒకటి. 'నా కొడుకును ఇన్ని గంటలకు తీసుకుపోయినారు' అని. చదివేవాళ్లు చదవనీ, చదవకపోనీ. టెలిగ్రాఫ్ ఆఫీసు ముద్రలో తేదీ, గంట పడుతుంది. ఆ ముద్ర పిల్లల చదువుల గురించి భయపడదు. ఇక్కడ టెలిగ్రాఫ్ డిపార్టుమెంటులో చేసిన మిత్రులు నలుగురైదుగురు కనబడుతున్నారు. మీరు టకటకమని కొట్టిన ఆ రెండు లైన్లు ఎంతమందిని ప్రాణాలతో కోర్టుకు చేర్చినాయో మీకు తెలియదు. 2013 జులైలో టెలిగ్రాం ఆగిపోయినప్పుడు అందరూ పెళ్లి శుభాకాంక్షలు గుర్తుచేసుకొన్నారు. నాకు గుర్తొచ్చింది ఇది.

నేను మారిందల్లా ఇంతే. ఆ వాక్యాన్ని ముందుగా రాయడం మానేశాను. ఆ చోటు ఖాళీగా వదిలేవాణ్ణి. రిమాండు రిపోర్టు నా చేతికొచ్చిన గంటా నిమిషమూ మార్జిన్లో వేసి పొడి అక్షరాలు పెట్టేవాణ్ణి. అంతకన్నా పెద్ద పని ఏదీ చేయలేదు.

పెద్ద పని చేసినవాళ్లు దానికి పెద్ద ధరే కట్టినారు. వరంగల్లులో పిల్లల డాక్టరు రామనాథంగారు పౌరహక్కుల సంఘం నాయకులు. 1985 సెప్టెంబర్ 3న ఆయన్ను చంపేశారు. అదే వరంగల్లులో వకీలు నర్రా ప్రభాకరరెడ్డిగారిని 1991 డిసెంబర్‌లో చంపినారు. హైదరాబాదులో పురుషోత్తంగారిని 2000 నవంబర్‌లో, నల్లగొండలో ఆజం అలీగారిని 2001 ఫిబ్రవరిలో. మా ప్లీడరుగారు ఈ వార్తలు చదివిన రోజు కూడా సాయంకాలం వరండాలో ఉండేవారు.

కె. బాలగోపాల్‌గారిని మాత్రం నేను ఒకసారి దూరంనుంచి చూశాను. మన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి మనవడు. లెక్కల్లో డాక్టరేటు. కాకతీయ యూనివర్సిటీలో పాఠం చెప్పేవారు. అది వదిలి హక్కుల పనిలోకి వచ్చి, నలభై దాటినాక లా చదివి వకీలైనారు. పోలీసులు చేసే హింసను ప్రశ్నించినట్టే ఉద్యమాలవాళ్లు చేసే హింసనూ ప్రశ్నించాలని అన్నందుకు పాత సహచరులతో పొసగక 1998లో మానవహక్కుల వేదిక పెట్టుకొన్నారు. ఆర్టీసీ బస్సులో వచ్చి, సంచి భుజాన వేసుకొని, ఎక్కడ ఎవరికి అన్యాయం జరిగిందంటే అక్కడికి పోయేవారు. ఎన్‌కౌంటర్లో మనిషి పోతే హత్య కేసుగా నమోదుచేసి విచారించాల్సిందేనని ఆయనా మిగతావాళ్లూ వాదించగా, 2009 ఫిబ్రవరి 6న మన హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తులు ఔనన్నారు. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు పోయి స్టే తెచ్చుకొన్నది. బాలగోపాల్‌గారు ఆ ఏడే అక్టోబర్ 8న, యాభై ఏడేళ్లకే పోయారు. 2014లో సుప్రీంకోర్టు వేరొక కేసులో ఎన్‌కౌంటర్ల విచారణకు 16 సూత్రాలు పెట్టింది.

ఆ సూత్రాలకు పరీక్ష మన పాత చిత్తూరు జిల్లాలోనే వచ్చింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఎర్రచందనం కొట్టడానికి వచ్చారని ఇరవైమంది తమిళ కూలీలను కాల్చేశారు. శవాలను వాళ్ల ఊళ్లకు పంపిన తర్వాత కోర్టుకు వెళితే, ఆరు శవాలకు మళ్లీ పోస్టుమార్టం చేయమని హైకోర్టు చెప్పింది. ఎర్రచందనం దొంగతనం తప్పు. నాకూ ఆ విషయంలో సందేహం లేదు. కానీ చెట్టు కొట్టినవాడికి ఎన్నేళ్ల జైలో చట్టంలో ఉంది, తుపాకి గుండు లేదు.

అయితే హక్కులు హరించేది ప్రతిసారీ ఖాకీ బట్టలే అనుకోవద్దు. 2025 జూన్‌లో కుప్పం దగ్గర ఒక పల్లెలో, భర్త చేసిన అప్పు తీర్చలేదని భార్యను పట్టపగలు చెట్టుకు కట్టేసిన వార్త మీరంతా చూశారు. కట్టింది సర్కారు కాదు, ఊరివాళ్లే. కేసు పెట్టి పట్టుకొన్నది పోలీసులే. అప్పు ఇచ్చినవాడికి సివిల్ కోర్టు ఉంది. వెట్టిచాకిరీ చట్టం 1976 నుంచి ఉంది. ఇన్ని ఉండి కూడా ఆమెను విప్పించడానికి ముందు కావాల్సింది ఎవరో ఒకరు "ఇది తప్పు" అని చూసినది చెప్పడం. చుట్టూ నిలబడినవాళ్ల గురించి పేపర్లో చదివి కోపం వచ్చింది. తర్వాత నా చింతచెట్టు జ్ఞాపకం వచ్చి కోపం తగ్గింది.

ఈరోజు 17. రేపు 18. 1996 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు డి.కె. బసు కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కేసు ఎట్లా పుట్టిందో విన్నారా? పశ్చిమబెంగాల్లో న్యాయసహాయ సంస్థ నడిపే బసుగారు లాకప్పు చావుల వార్తలు పేపర్లలో చదివి 1986 ఆగస్టులో ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకొన్నారు. ఉత్తరాలు రాయడంలో మనల్ని మించినవాళ్లెవరున్నారు? ఒక్క మెడికల్ రీయింబర్సుమెంటుకే నేను పదకొండు రాశాను. ఆ తీర్పు ప్రకారం అరెస్టు చేసిన వెంటనే మెమో రాయాలి, అందులో తేదీ, గంట ఉండాలి. ఇంటివారో ఊరి పెద్దో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి, ముద్దాయీ పెట్టాలి. బంధువుకు కబురు చెయ్యాలి. 48 గంటలకొకసారి డాక్టరు చూడాలి. ఆ తీర్పు పేపర్లో వచ్చిన రోజు మా ప్లీడరుగారు నా బల్ల దగ్గరికి వచ్చి, "గంట రాయమన్నారు, చూసినారా" అని చిన్నపిల్లవాడిలా చూపించినారు. అప్పటికి ఆయనకు చక్కెరవ్యాధి ముదిరి చూపు తగ్గింది. నేనే చదివి వినిపించాను. సాక్షి సంతకం అనే మాట దగ్గర నా గొంతు ఆగింది. ఆయన గమనించినట్టు లేదు. గమనించినా పైకి తెలియనిచ్చే మనిషి కాదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

కాగితంమీద రూలు వచ్చినంతమాత్రాన అన్నీ జరిగిపోతాయని నేను చెప్పను. మెమో రాస్తున్నారు, గంట కూడా రాస్తున్నారు. ఏ గంట రాస్తున్నారన్నది ఇప్పటికీ అడగాల్సిందే. స్టేషన్లలో కెమెరాలు పెట్టమని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అవి పనిచేస్తున్నాయో లేదో అడిగేవాడొకడు కావాలి.

నేను రిటైరయ్యాక పారా లీగల్ వలంటీరుగా పేరిచ్చాను. 2009లో పెట్టిన పథకం అది. రిటైరైన ఉద్యోగులను కూడా తీసుకొంటారు. వకీలు కానక్కర్లేదు. లోపలున్నవాడికి వకీలు ఉన్నాడా, బెయిలు వచ్చి కూడా జామీను ఇచ్చేవాళ్లు లేక ఉండిపోయినాడా, ఇంటికి కబురు చేరిందా, ఇవి కనుక్కొని న్యాయసేవా కమిటీకి రాసి పెట్టడం. అంతా మన పనే, గుమాస్తా పని. నెలలో రెండుసార్లు సబ్‌జైలుకు వెళతాను. బస్సెక్కి పోవాలి, మోకాళ్లు సహకరించడం లేదు. ఒక్కణ్ణి అవుతున్నాను. ట్రెజరీలో చేసినవాళ్లయితే లెక్కలు బాగా చూస్తారు, టీచర్లయితే కుర్రవాళ్లు నోరు విప్పుతారు, తమిళం కన్నడం వచ్చినవాళ్లుంటే మరీ మంచిది. రాగలిగినవాళ్లు భోజనాలయ్యాక నాకు పేరు ఇవ్వండి. వచ్చేటప్పుడు దగ్గరచూపు అద్దాలు మరిచిపోకండి, అక్కడ వెలుతురు తక్కువ.